చైనా లిపి, ఎడమ మెదడు, కుడి చెయ్యి

పిల్లలూ,

చైనా పిల్లల మెదడు మన మెదడు కన్నా వేరుగా ఉంటుందా అని మీలో కొందరికి అనుమానం. చదవడం కోసమని విడిగా తయారైన భాగం ఏ దేశపు పసిబిడ్డ తలలోనూ ఉండదు. మనుషులు రాయడం మొదలుపెట్టి అయిదు వేల ఏళ్లు దాటిందంతే, మెదడు అంత తొందరగా మారదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే భాగాలు, మాట వినే భాగాలు, చేతిని నడిపే భాగాలు కలిసి ఈ కొత్త పని నేర్చుకుంటాయి. వాటిలో దేని మీద ఎంత బరువు పడుతుందన్నది లిపిని బట్టి ఉంటుంది.

తెలుగులో గుణింతాలూ ఒత్తులూ వచ్చినవాడు అర్థం తెలియని మాటనైనా పైకి చదివేస్తాడు. చైనా లిపిలో ఆ వీలు లేదు. అక్కడ ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు, సాధారణంగా దాని వెంటే ఒక అర్థం. ఆరేళ్ల ప్రాథమిక చదువు ముగిసేసరికి చైనా పిల్లలు సుమారు 3000 అక్షరాలు గుర్తుపట్టాలి, 2500 రాయగలగాలి. వీటిలో ఎక్కువ భాగం రెండు ముక్కలవి: ఒకటి అర్థానికి, ఒకటి ఉచ్చారణకు. 'చింగ్' అని పలికే ముక్క పక్కన నీటి గుర్తు చేరిస్తే 'తేట'. సూర్యుడి గుర్తు చేరిస్తే 'మబ్బులేని ఆకాశం'. మాట గుర్తు చేరిస్తే 'దయచేసి'. మనసు గుర్తు చేరిస్తే 'అనురాగం'. అన్నీ చింగే, స్వరం ఎగుడుదిగుడుల్లోనే తేడా. ఇదేదో సులువుగానే ఉందే అనుకునేలోపు కంటి గుర్తు చేర్చి చూడండి: 'కనుగుడ్డు' వస్తుంది, కానీ పలికేది 'జింగ్'! ఉచ్చారణ ముక్క సాయం చేస్తుంది, అప్పుడప్పుడు మోసం కూడా చేస్తుంది.

పైగా స్వరాల తేడా వదిలేస్తే మాండరిన్‌లో, అంటే చైనా ప్రధాన భాషలో, పలుకులు సుమారు 400 మాత్రమే. వేల అక్షరాలు ఆ కాసిని పలుకులనే పంచుకోవాలి. చెవికి ఒకేలా వినిపించేవాటిని కన్నే విడదీయాలి. 'మట్టి', 'పండితుడు' అనే రెండు అక్షరాలనే తీసుకోండి. రెండింటిలోనూ మూడే గీతలు: అడ్డం, నిలువు, అడ్డం. కింది అడ్డగీత పొడుగైతే మట్టి, పైది పొడుగైతే పండితుడు.

ఇక మెదడు సంగతి. తల వెనక వైపు, ఎడమ పక్క, మెదడు అడుగున ఉన్న ఒక చిన్న ప్రాంతం ఏ లిపి చదివేవారిలోనైనా అక్షరరూపాలను గుర్తుపట్టే పని చేస్తుంది. చైనా లిపి చదివేటప్పుడు కుడిపక్కన దానికి జోడీగా ఉన్న ప్రాంతం కూడా బాగా పనిచేస్తుంది. వీటితోపాటు ఎడమ నుదుటి లోపల, మధ్య మడత దగ్గర ఉన్న ప్రాంతం మీద పరిశోధకుల దృష్టి ఎక్కువగా పడింది. రూపం, పలుకు, అర్థం మూడింటినీ ఒకేసారి పట్టి ఉంచే పని దానిదని కొందరి అభిప్రాయం. చేతిరాతకు సంబంధించిన ప్రాంతం కూడా ఆ చుట్టుపక్కలే ఉంది.

హాంకాంగ్‌కు చెందిన సియోక్, టాన్ అనే పరిశోధకుల బృందం చదవడంలో వెనకబడిన చైనా పిల్లల్లో ఆ ఎడమ నుదుటి ప్రాంతం తక్కువగా పనిచేస్తోందని 2004లో చూపించింది. అక్కడ బూడిద పదార్థం, అంటే నాడీకణాలు కిక్కిరిసి ఉండే పొర, కూడా తక్కువగా ఉందని 2008లో ప్రకటించింది. ఇంగ్లిష్ పిల్లల్లో అప్పటిదాకా దొరికిన తేడాలు ఎక్కువగా తల వెనక భాగాల్లోవి. దాంతో డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఒక్కో లిపికి ఒక్కో రకమనే మాట బయలుదేరింది. 2010లో మరో బృందం చైనా పిల్లలనూ ఇంగ్లిష్ పిల్లలనూ ఒకే పద్ధతిలో పరీక్షిస్తే ఇద్దరిలోనూ ఒకేలాంటి తేడాలు చాలానే బయటపడ్డాయి. నాకు ఈ రెండోదే ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది: ఇబ్బంది మూలం చాలావరకు ఒకటే, లిపిని బట్టి బయటపడే తీరు మారుతుంది.

స్కాన్ బొమ్మల్ని తొందరపడి నమ్మకండి. మెదడు పైపొర మందం సగటున రెండున్నర మిల్లీమీటర్లు. ఎంఆర్ఐ బొమ్మలో ఒక్కో గడి సాధారణంగా ఒక మిల్లీమీటరు. స్కాన్ జరిగే ఆ కొన్ని నిమిషాల్లో తల కాస్త కదిలినా అంచులు చెదిరిపోయి, పొర ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. కుదురుగా పడుకోలేని పిల్లలు ఒక గుంపులో ఎక్కువగా ఉంటే, లేని తేడా ఉన్నట్టు లెక్క తేలుతుంది. అందుకే మంచి ప్రయోగశాలల్లో ముందు ఉత్తుత్తి యంత్రంలో పడుకోబెట్టి అలవాటు చేస్తారు. పొర మందంగా ఉంటే తెలివి ఎక్కువని కూడా కాదు. ఎదిగే వయసులో నాడీకణాల మధ్య అనవసరమైన అతుకులు తెగి, వాటిని కలిపే దారులకు కొవ్వు పూత పట్టి, చాలాచోట్ల ఆ పొర పలచబడుతుంది. చదవకపోవడం వల్ల మెదడు అలా ఉందా, మెదడు అలా ఉండబట్టి చదవలేకపోతున్నారా అన్నది ఒక్కసారి తీసిన బొమ్మ చెప్పలేదు. ఆ పిల్లల్నే ఏళ్ల తరబడి మళ్లీమళ్లీ చూడాలి.

చదవడంలో ఇబ్బంది పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. అక్షరాలు చదివించడం, బొమ్మల పేర్లు గబగబా చెప్పించడం, చెప్పింది రాయించడం చాలు.

మీలో చైనా భాష నేర్చుకునేవాళ్లు ఉంటే చేతిరాత మానకండి. బాగా రాయగల పిల్లలు బాగా చదువుతున్నారని 2005లో బీజింగ్ పిల్లల మీద చేసిన పరిశీలనలో తేలింది. చదరపు గళ్లలో నాలుగు భాగాలుండే పుస్తకం తీసుకోండి. అక్షరం ముక్కల్ని పైకి చెప్పండి. అడ్డం ముందు, నిలువు తర్వాత, పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి గీయండి. మూసేసి రాయండి, తెరిచి పోల్చండి. ఇలా మూడుసార్లు చేసి వదిలేసి మర్నాడు మళ్లీ చూసుకోండి. వరసగా ఇరవైసార్లు రాస్తే చెయ్యి తిరుగుతూనే ఉంటుంది, కన్ను మాత్రం చూడడం మానేస్తుంది.

ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో 'చింగ్' కొడితే అక్షరాల వరస కనిపిస్తుంది, ఒకటి ఎంచుకుంటే పనైపోతుంది. ముక్కలేమిటో, గీతలెన్నో గుర్తుండాల్సిన పనే లేదు. అలా టైపు చేయడం ఎక్కువైన పిల్లల్లో చదివే మార్కులు తగ్గినట్టు 2013లో చైనాలో జరిగిన ఒక అధ్యయనం చూపింది. అదే కారణమని రుజువు కాలేదు కానీ, టైపు చేసిన మాటల్లో రెండు మూడైనా ఆ రోజే చేత్తో రాసి చూసుకోండి.

మీ తాతయ్య