నోవహు ఒంట్లో పొటాషియం

"మా చర్చిలో భూమి వయసు ఆరు వేల ఏళ్ళంటారు. మా అమ్మాయి పుస్తకంలో 454 కోట్లని ఉంది. క్రైస్తవులందరూ ఆరు వేలే నమ్మాలా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

అక్కర్లేదు. అందరూ నమ్మిన రోజు కూడా లేదు. బైబిలు సృష్టికథలో సూర్యుడు నాలుగో దినాన కలిగితే మొదటి మూడు దినాలకు ఉదయాస్తమయాలు ఎక్కడివని మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిజెన్ అడిగాడు. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందనే లెక్క 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ బైబిల్లోని వంశావళులు కూడి కట్టింది. ఈ సృష్టికథ ఉన్న ఆదికాండములోని ఒక్కో దినం ఒక్కో యుగమన్నాడు స్కాట్లండ్ భూగర్భ పరిశోధకుడు హ్యూ మిల్లర్. మనిషి దేహం పరిణామంలో వచ్చిందా అన్నది పండితులు చర్చించుకోవచ్చని, ఆత్మ మాత్రం నేరుగా దేవుడిచ్చిందేనని 1950లో పోప్ పన్నెండో పయస్ రాశారు. మానవ జీనోమ్ ప్రాజెక్టుకు నాయకత్వం వహించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ సువార్తిక విశ్వాసి. పరిణామమే దేవుడు సృష్టించిన పద్ధతి అంటారాయన.

నన్ను బాగా ఆలోచింపజేసింది మాత్రం ఆరు వేల ఏళ్ళు నమ్మేవాళ్ళు చేసిన ఒక పరిశోధన. 1997 నుంచి 2005 దాకా అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేషన్ రీసెర్చ్ తదితరులు రాళ్ళలోని రేడియోధార్మికత మీద పనిచేశారు. రాళ్ళలో కోట్ల ఏళ్ళకు సరిపడా క్షయం, అంటే అస్థిర పరమాణువులు విరిగి మారిపోవడం, జరిగిన మాట నిజమేనని వాళ్ళే ఒప్పుకున్నారు. ఇప్పటి వేగంతో చూస్తే 50 కోట్ల ఏళ్ళ పైమాటే. అదంతా నోవహు ఓడలో తలదాచుకున్న జలప్రళయం నాటి ఏడాదిలో, ఎన్నో రెట్ల వేగంతో జరిగిపోయిందని వాదించారు.

క్షయం అంటే మన బడుల్లో అర్ధాయువు సూత్రం బట్టీ పట్టించి వదిలేస్తారు. పరమాణువు విరిగిన ప్రతిసారీ శక్తి వెలువడుతుందన్నది పిల్లల మనసుకు ఎక్కదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కొబ్బరినీళ్ళలో, అరటిపండులో, పప్పులో పొటాషియం ఉంటుంది. అందులో 0.0117 శాతం పొటాషియం-40 అనే రేడియోధార్మిక రకం. 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు నాలుగు వేలకు పైగా ఈ పరమాణువులు క్షయమవుతాయి. దానివల్ల ఏడాదికి అందే రేడియేషన్ మోతాదు సుమారు 0.17 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). ఏ హానీ లేదు. 50 కోట్ల ఏళ్ళ క్షయం ఒక్క ఏడాదిలో జరిగిందంటే, దీన్ని 50 కోట్లతో గుణించి చూడండి. ఏడాదికి 8.5 కోట్ల మిల్లీసీవర్టులు, గంటకు దాదాపు 9,700. నాలుగైదు వేల మిల్లీసీవర్టులు ఒక్కసారిగా తగిలితే, వైద్యం లేకపోతే సగం మంది బతకరు. అంటే ఓడలో నోవహుకు, కుటుంబానికి, జంతువులకు అరగంటలోనే ప్రాణాంతకమైన మోతాదు తగులుతుంది. పొటాషియాన్ని ఈ లెక్కలోంచి మినహాయిద్దామా అంటే, పొటాషియం-40 క్షయమై పుట్టే ఆర్గాన్‌ను కొలిచి రాళ్ళ వయసు కట్టే పొటాషియం–ఆర్గాన్ పద్ధతి కూడా కోట్ల ఏళ్ళే చూపిస్తోంది. పైగా ఇది ఒంట్లోని పొటాషియం ఒక్కదాని సంగతి. నేలలోని యురేనియం, థోరియం అదే వేగంతో క్షయమైతే పుట్టే వేడికి రాళ్ళే కరిగిపోతాయి.

ఈ వేడి, ఈ కిరణాల సమస్యలు తీరలేదని ఆ బృందమే తన నివేదికలో రాసుకుంది. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. కానీ అంత వేడిని దేవుడు మనకు తెలియని మార్గంలో తీసేసి ఉంటాడంటే, అది ఇక కొలిచి తేల్చే మాట కాదు.

రేడియోధార్మికతతో రాళ్ళ వయసు కట్టే పద్ధతులు నమ్మదగినవేనని తోటి విశ్వాసులకు ఓపిగ్గా వివరిస్తూ భౌతిక శాస్త్రవేత్త రోజర్ వీన్స్ 1994లో ఒక దీర్ఘ వ్యాసం రాశారు. ఆయనా క్రైస్తవుడే. అంగారకుడి మీద క్యూరియాసిటీ రోవర్‌లో లేజర్‌తో రాళ్ళను పరీక్షించే కెమ్‌క్యామ్ పరికరానికి మొదట సారథ్యం వహించింది ఆయనే.