స్తంభం కింద నిలబడి చెప్పే మాట: బృందాన్ని నడిపించడంలో సానుకూలతపై అపోహలు - వాస్తవాలు

విద్యుత్ సెక్షన్ ఇంజినీరుగా పరకాల, ములుగు ప్రాంతాల్లో పదేళ్లకు పైగా లైన్‌మెన్లతో, హెల్పర్లతో కలిసి పనిచేస్తున్నాను. సానుకూల దృక్పథం గురించి శిక్షణ తరగతుల్లో వినే మాటలకూ, వానలో స్తంభం ఎక్కిన మనిషికి కింద నిలబడి చెప్పవలసిన మాటలకూ చాలా దూరం ఉంది.

అపోహ: నాయకుడు సానుకూలంగా ఉండడమంటే ఎప్పుడూ "ఏం కాదు" అని ధైర్యం చెప్పడమే.

వాస్తవం: ఆ మాట నేనూ చాలాకాలం అన్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు వానాకాలంలో ఒక రాత్రి 11 కె.వి. లైన్ తెగితే, సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (లైన్ క్లియర్, అంటే లైన్‌కు కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చన్న అనుమతి) తీసుకుని, "పది నిమిషాల పని, ఏం కాదు, ఎక్కండి" అన్నాను. ఆ స్తంభం మీద పైనొకటి, కిందొకటి రెండు లైన్లున్నాయి. రెండూ ఒకే ఫీడర్‌వని, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఒకే సరఫరా లైన్‌వని, నా దగ్గరున్న పటంలో ఉంది. పెద్ద లైన్‌మన్ మాత్రం తన అలవాటు ప్రకారం తీగను ముట్టకముందే, తీగలో కరెంటుంటే నేలలోకి పంపే డిశ్చార్జ్ రాడ్డును ఎర్త్ చేసి తగిలించాడు. కింది తీగకు కొక్కెం తాకీ తాకగానే కళ్లు చెదిరే మెరుపు మెరిసింది, చెవులు గింగురుమన్నాయి, పక్క ఊరి ఫీడర్ ట్రిప్ అయింది. ఆ తీగను నెల కిందటే వేరే ఫీడర్‌కు మార్చిన సంగతి హెల్పర్‌గా వచ్చిన కుర్రవాడికి తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్దామనుకున్న సార్, మీరు ఏం కాదన్నరు గదా" అన్నాడు.

ధైర్యం చెబుతున్నాననుకుంటూ నేను అతని నోరు మూయించాను. ఇప్పుడు ఎవరైనా స్తంభం ఎక్కేముందు, "ఇక్కడ మనల్ని దెబ్బతీసేది ఏముంది?" అని జట్టులో అందరికంటే చిన్నవాణ్ని మొదట అడుగుతాను, పెద్దవాళ్లు మాట్లాడిన తర్వాత అడిగితే చిన్నవాళ్లు తల ఊపడం తప్ప మరేమీ చెప్పరు. అతను చెప్పిన అనుమానం ఉత్తదని తేలినా, అడిగినందుకు నలుగురిలో మెచ్చుకుంటాను.

అపోహ: గద్దించకపోతే పని జరగదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. నాయకుడి మనఃస్థితి బృందానికి అంటుకుంటుందని చూపిన 2005 నాటి అధ్యయనం ఒకటి ప్రసిద్ధం. నాయకుడు ఉల్లాసంగా ఉన్న బృందాల్లో సమన్వయం మెరుగ్గా కనిపించింది. నాయకుడు చిరాకుగా ఉన్న బృందాలు మాత్రం ఎక్కువ శ్రమపడ్డాయి. గుంతలు తవ్వించడానికి గద్దింపు పనికొస్తుందేమో కానీ, ఎ.బి. స్విచ్ (లైన్‌ను విడగొట్టే స్విచ్) దగ్గర ఒకరు, స్తంభం మీద ఒకరు, సబ్‌స్టేషన్‌లో ఒకరు ఉండి ఒకరి మాట మీద ఒకరు ప్రాణం పెట్టే పనిలో సమన్వయం కంటే ముఖ్యమైనది లేదు.

అపోహ: ఒక్క మందలింపుకు మూడు మెచ్చుకోళ్లు ఉండాలన్నది శాస్త్రం తేల్చిన లెక్క.

వాస్తవం: 2005లో బార్బరా ఫ్రెడ్రిక్సన్, మార్సియల్ లొసాడా ప్రచురించిన వ్యాసం ఒక్కో ప్రతికూల భావానికి కనీసం 2.9013 సానుకూల భావాలుండాలన్న హద్దును చెప్పింది. 2013లో బ్రౌన్, సోకల్, ఫ్రీడ్‌మన్ అనే ముగ్గురు దాని వెనుక ఉన్న గణితానికి ఆధారమే లేదని చూపడంతో, ఆ వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే ఆ గణిత భాగాన్ని ఉపసంహరించుకుంది. మెచ్చుకోలు అవసరం లేదని దీని అర్థం కాదు, కానీ లెక్కపెట్టి ఇచ్చే మెచ్చుకోలును మా లైన్‌మెన్లు రెండో రోజుకే పసిగడతారు. "బాగా చేశావు" అనడం కంటే "నువ్వు రాడ్డు ముందు తగిలించావు కాబట్టి ఇవాళ అందరం ఇంటికి పోతున్నాం" అనడం వాళ్లకు పదికాలాలు గుర్తుంటుంది.

అపోహ: తప్పులు తక్కువగా నమోదయ్యే జట్టే మంచి జట్టు.

వాస్తవం: ఆసుపత్రి బృందాల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలో, మంచి నాయకత్వమున్న చోట్లే మందుల పొరపాట్లు ఎక్కువగా బయటపడ్డాయి. అక్కడివారు వాటిని దాచిపెట్టలేదని ఆమె గ్రహించారు. నా సెక్షన్‌లో నెలరోజులు ఎవరూ ఏ పొరపాటూ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

అపోహ: విపత్తు వేళ మంచి మాటలే చెప్పాలి.

వాస్తవం: 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ తర్వాత లైన్ల పునరుద్ధరణకు వెళ్లిన మా జట్టుకు "సాయంత్రానికల్లా కరెంటు ఇచ్చేస్తాం" అని నేను చెప్పలేదు, ఊరివారికీ చెప్పలేదు. ఇవాళ ఏ స్తంభం వరకు పని, ఎవరు ఎన్ని గంటలకు దిగి పడుకోవాలి, అన్నం ఎక్కడికి వస్తుంది అన్నవి మాత్రం పొద్దున్నే తేల్చి చెప్పి, వాటిని తప్పకుండా చూసుకున్నాను. నాలుగో రోజు నేను అడగకముందే ఒక హెల్పర్ వచ్చి, "సార్, మలుపు కాడి స్తంభం మొదలు కదులుతున్నది, దాని మీదికి ఎవ్వర్ని ఎక్కియ్యకండ్రి" అన్నాడు. ఆ స్తంభాన్ని ఆ రోజుకు వదిలేసి, తెల్లారి క్రేన్ వచ్చాకే ముట్టుకున్నాం.