స్క్వాష్‌లో రెండు వైరస్‌లు కలిస్తే: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని జార్జియా స్టేట్ దక్షిణాన కూరగాయల పొలాల్లో తెగుళ్ళు చూడటం నా పని. ఎండాకాలం వస్తే చాలు, ఇక్కడ పెరట్లో సొర, గుమ్మడి, జుకినీ వేసుకున్న మనవాళ్ళు ముడుచుకుపోయిన ఆకుల ఫోటోలు పంపిస్తుంటారు, అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: ఆకు చూసి ఏ వైరసో చెప్పేయొచ్చు.
చెప్పలేమండీ. స్క్వాష్‌లో, అంటే గుమ్మడి, జుకినీ లాంటివాటిలో, ఒకే మొక్కకి రెండు మూడు వైరస్‌లు ఉండటం మామూలే. పేనుబంక తెచ్చే మొజాయిక్‌లు (ఆకు మీద మచ్చలు తెచ్చే వైరస్‌లు), తెల్లదోమ తెచ్చే ఆకుముడత, అన్నీ ఒకే ఆకు మీద కలిసిపోతాయి. ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తేనే తేలేది.

అపోహ: రెండు వైరస్‌లుంటే రోగం రెండింతలు పాకుతుంది.
ఏ రెండు కలిశాయన్నదాన్ని బట్టి ఉంటుంది, ఇది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. కుకుంబర్ మొజాయిక్ అనే వైరస్‌కి జుకినీ ఎల్లో మొజాయిక్ అనే ఇంకో వైరస్ తోడైతే మొదటిది మొక్కలో బాగా పెరిగిపోతుంది, ఎందుకంటే వైరస్‌ని ముక్కలు చేసే మొక్క రక్షణని రెండోదాని ప్రొటీన్ ఒకటి అణిచేస్తుంది, ఇక మొక్క కుదేలే. అదే జుకినీ ఎల్లో మొజాయిక్‌కి దాని దాయాది వాటర్‌మెలన్ మొజాయిక్ కలిసిందనుకోండి, వాటర్‌మెలన్‌దే తగ్గిపోతుంది, జుకినీది తగ్గదు. పైగా పాకడం అంటే వైరస్ ఎంతుందన్నదొక్కటే కాదు, పురుగు ఏం చేస్తుందన్నది కూడా. కుకుంబర్ మొజాయిక్ సోకిన స్క్వాష్ వాసనకి పేనుబంక వస్తుంది, రుచి చూస్తుంది, నచ్చక వెంటనే లేచి పక్క మొక్క మీదికి పోతుంది, మూతికి వైరస్ అంటుకునే పోతుంది. 2010లో పరిశోధకులు ఇది చూపించారు. అందుకే పూర్తిగా చితికిపోయిన మొక్క కన్నా కొంచెం మచ్చలతో ఇంకా పచ్చగా ఎదుగుతున్న మొక్కని చూస్తేనే నాకు ఎక్కువ భయం.

అపోహ: మందు కొడితే ఆగిపోతుంది.
పేనుబంక వైరస్‌ని అంటించడానికి కొన్ని సెకన్లు, నిమిషాలు చాలు, మందుకి అది చచ్చేలోపు పని అయిపోతుంది. వీటికి మొక్కల కింద నేల మీద పరిచే వెండి రంగు మల్చింగ్ షీటు, మినరల్ ఆయిల్ స్ప్రే నయం. తెల్లదోమ తెచ్చే ఆకుముడత వేరు, దానికి దోమ చాలాసేపు రసం పీల్చాలి, అక్కడ మందు కొంత పనిచేస్తుంది. ఈ రెండు రకాలూ కలిసి ఉన్న పొలంలో ఒక్క మందునే నమ్ముకున్న రైతు నష్టపోవడం చూస్తే బాధేస్తుంది.

అపోహ: రెసిస్టెంట్ (వైరస్‌ని తట్టుకునే) విత్తనం వేస్తే ఇక భయం లేదు.
అమెరికాలో 1994లో అనుమతి వచ్చిన జీఎం (జన్యుమార్పిడి) స్క్వాష్ జుకినీ ఎల్లో, వాటర్‌మెలన్ మొజాయిక్‌లనే తట్టుకునేది, కుకుంబర్ మొజాయిక్‌ని కూడా తట్టుకునేది 1996లో వచ్చింది. ప్యాకెట్ మీద ఏ వైరస్‌ల పేర్లుంటే వాటికే రక్షణ, తెల్లదోమ తెచ్చే వైరస్‌లని అది ఆపదు. ఇంకోటుంది, పెన్సిల్వేనియాలో అడవి స్క్వాష్‌తో కలిపి వైరస్‌ని తట్టుకునే ఈ జీన్ ఉన్న మొక్కల్ని పెంచి చూస్తే, చుట్టూ వైరస్ పాకేకొద్దీ ఆకులు తినే బీటిల్ పురుగులన్నీ ఆరోగ్యంగా మిగిలిన వీటి మీదే వాలాయి, దాంతో వీటికి బ్యాక్టీరియా వాడు తెగులు ఎక్కువైంది.

ఆకుపచ్చ మచ్చలొచ్చిన పసుపు కాయ తినొచ్చా అంటారు కదా, తినొచ్చు. మొక్కల వైరస్ మనకి సోకదు.