గిన్నెలు ఆరబెట్టే రాయి: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మాది వంటసామాన్ల షాపు. స్టీలు గిన్నెలు, కుక్కర్లు, ఇత్తడి బిందెలతో పాటు ఈమధ్య మా దగ్గర బాగా అడుగుతున్న వస్తువు ఒకటుంది. సింకు పక్కన గట్టు మీద పరిచి, తోమిన గిన్నెలు బోర్లించే రాతి పలక, అదే స్టోన్ మ్యాట్. ఫోన్లో వీడియో చూసి వస్తారు. గ్లాసుడు నీళ్ళు ఒలికిస్తే చూస్తుండగానే మాయమవుతాయి కదా, అది కావాలంటారు. వేసవిలో కొన్నవాళ్ళు సంతోషంగానే ఉంటారు. శ్రావణం వచ్చేసరికి కొందరు పలక చంకన పెట్టుకుని తిరిగొస్తారు. "ఏటి బాబూ, నీ రాయి నీళ్ళు తాగడం మానేసింది" అని.

చాలాసార్లు పలక బాగానే ఉంటుంది. దాన్ని ఎలా వాడాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. డబ్బు పెట్టి కొన్న వస్తువు అటక ఎక్కకూడదన్నది నా తాపత్రయం. అందుకే షాపులో రోజూ వినే అపోహలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అపోహ: ఇది కూడా గ్రానైట్ లాంటి రాయే, బరువుగా ఉంటేనే మంచి సరుకు.

మన పక్కనే టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీలున్నాయి కాబట్టి రాయి అనగానే మనకు అదే గుర్తొస్తుంది. ఆ గ్రానైట్ మీద నీళ్ళు పోస్తే అలాగే నిలబడతాయి, అందుకే దాన్ని వంటగట్టుకు వేస్తాం. ఈ పలక దానికి పూర్తిగా ఉల్టా. చెరువుల్లో, సముద్రాల్లో డయాటమ్‌లు అని కంటికి కనిపించనంత చిన్న నాచుజాతి జీవులుంటాయి. వాటి పెంకు సిలికాతో, అంటే ఇసుకలో ఉండే పదార్థంతోనే తయారవుతుంది. లక్షల ఏళ్ళపాటు ఆ పెంకులు అడుగున పేరుకుపోయి సుద్దలాంటి మన్ను అవుతుంది. ప్రతి పెంకు నిండా సన్నటి రంధ్రాలే. ఆ మన్నులో సున్నం, నారపొడి లాంటివి కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి ఈ పలకలు చేస్తారు.

పీల్చుకునే గుణం ఈ మన్నుకు కొత్తగా వచ్చింది కాదు. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో పేటెంటు తీసుకున్న డైనమైట్‌లో, ముట్టుకుంటే పేలే నైట్రోగ్లిజరిన్ ద్రవాన్ని తాగించి పట్టి ఉంచింది ఈ మన్నే. బీరు, పంచదార పాకం వడకట్టడానికీ దీన్ని వాడుతున్నారు. లోపలంతా ఖాళీలే కాబట్టి మంచి పలక, చూసిన సైజుకు తేలిగ్గానే అనిపిస్తుంది. అదే సైజు గ్రానైట్ ముక్కలా బరువుంటే అనుమానించండి, సిమెంటు పాలు ఎక్కువై ఉండొచ్చు. కొనేముందు చెంచాడు నీళ్ళు అడిగి పలక మీద పోయించుకోండి. ముందు నల్లటి మచ్చ పడుతుంది, పైన తడి మెరుపు ఉంటుంది. నిమిషం లోపే ఆ మెరుపు పోయి, మచ్చ మాత్రమే మిగలాలి. తర్వాత మచ్చ అంచుల నుంచి లోపలికి కుదించుకుపోతూ తెల్లబడుతుంది. మెరుపు అలాగే ఉండిపోతే ఆ పలక వద్దు.

అపోహ: రాయే గిన్నెలను ఆరబెడుతుంది, మనం చెయ్యాల్సింది ఏమీ లేదు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రాయి చేసేది కారిన నీటిని తనలోకి లాక్కుని పలుచగా పరచడం వరకే. ఆ నీటిని బయటికి పంపాల్సింది గాలి. కొత్త కుండ సంగతి మీకు తెలుసు కదా, నీరు గోడల్లోంచి ఊరి, పైకొచ్చి, గాలికి ఆవిరవుతుంది. ఎండాకాలం కుండ నీళ్ళు చల్లగా ఉంటాయి, ముసురు పట్టిన రోజు అంత చల్లబడవు. ఇక్కడా అదే లెక్క. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ సముద్రం ఒడ్డువి. వర్షాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. గాలే తడిగా ఉంటే పలకలోని నీరు ఎక్కడికి పోతుంది? పొద్దున టిఫిను గిన్నెల నీళ్ళు ఆరకముందే మధ్యాహ్నం అంట్ల నీళ్ళు పడతాయి, వాటి మీద రాత్రివి. నాలుగు రోజుల ముసురు పట్టేసరికి పలక నిండిపోతుంది. "తాగడం మానేసింది" అనే మాట అలా వస్తుంది.

దీనికి ఖర్చులేని మార్గం ఉంది. గిన్నెలు సర్దేశాక పలకను గట్టు మీద పడుకోబెట్టి వదిలేయకండి. గోడకు ఆనకుండా అంచు మీద నిలబెట్టండి. అప్పుడు రెండు వైపులా గాలి ఆడుతుంది. పడుకోబెడితే అడుగు భాగం అసలు ఆరదు, గ్రానైట్ గట్టుకు అతుక్కున్నట్టు ఉండి కింద తడి అట్టే ఉంటుంది. వర్షాకాలంలో రాత్రిపూట హాల్లో ఫ్యాను కింద నిలబెడితే తెల్లారేసరికి చాలావరకు తేరుకుంటుంది. అంట్లు ఎక్కువ పడే ఉమ్మడి కుటుంబమైతే పెద్ద పలక ఒకటి కొనే బదులు చిన్నవి రెండు కొని, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి వాడుకోండి.

గ్లాసులు బోర్లించే పద్ధతి కూడా మార్చుకోవాలి. నున్నటి పలక మీద గ్లాసును నిటారుగా బోర్లిస్తే అంచు మొత్తం పలకకు అంటుకుని లోపలి గాలి లోపలే బందీ అవుతుంది. పొద్దున ఎత్తి చూస్తే లోపల ఇంకా చెమ్మే. కొంచెం వాల్చి, అంచు ఒకవైపు లేచి ఉండేలా పెట్టండి. గాడులున్న పలకైతే ఇంకా మేలు. నన్నడిగితే అన్నిటికంటే మంచి పద్ధతి, మనం ఎప్పటినుంచో వాడుతున్న స్టీలు గిన్నెల బుట్టనే ఈ పలక మీద పెట్టడం. గిన్నెలకు గాలి తగులుతుంది, కారిన నీరు పలక తాగుతుంది, గట్టు మీద మడుగు కట్టదు.

అపోహ: జిడ్డు పట్టింది కదా, సబ్బు వేసి తోమితే పోతుంది.

దయచేసి ఈ పని చెయ్యకండి. రంధ్రాలే ఈ పలకకు ప్రాణం. నూనె, సబ్బు జిగురు, బోరు నీళ్ళలోని ఉప్పు, మూడూ ఆ రంధ్రాలనే పూడుస్తాయి. ఒకావిడ తెచ్చిన పలక మీద మూకుడు అడుగంత గుండ్రటి మచ్చ ఉంది. సరిగ్గా తోమని మూకుడును రోజూ అక్కడే పెట్టారు. ఆ మచ్చ బయట చుక్క వేస్తే వెంటనే ఇంకింది, మచ్చ లోపల వేసిన చుక్క మాత్రం తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. అదే పలక, బెత్తెడు దూరంలో రెండు రకాలుగా పనిచేస్తోంది. ఆవిడకు చూపిస్తే మరు నిమిషంలో అంతా అర్థమైంది.

రోజువారీగా అయితే మంచినీళ్ళతో కడిగి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, నిలబెట్టి ఆరనిస్తే చాలు. మరీ మొండికేస్తే హార్డ్‌వేర్ షాపులో దొరికే సన్న రకం శాండ్‌పేపర్, 400 నంబరుది, తెచ్చి పైపొరను తేలిగ్గా రుద్దాలి. పూడిన పొర పోయి కింద కొత్త రంధ్రాలు తెరుచుకుంటాయి. కాకపోతే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పొడిగా రుద్దితే లేచే ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. పలకను తడిపి, ఆరుబయట, మాస్కు పెట్టుకుని రుద్దండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

అసలు ఎక్కడ తయారైందో, ఎవరు చేశారో రాసిలేని పలకనైతే రుద్దనే వద్దంటాను. 2020 చివర్లో జపాన్‌లో ఇలాంటి డయాటమ్ మన్ను బాత్‌మ్యాట్లు, కోస్టర్లు కొన్నిటిలో ఆస్‌బెస్టాస్, అంటే పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే సన్నటి పోగుల ఖనిజం, బయటపడి, పెద్ద దుకాణాలే లక్షల సంఖ్యలో సరుకు వెనక్కి పిలిచాయి. ఆస్‌బెస్టాస్ ఆ మన్నులో పుట్టింది కాదు, గట్టిదనం కోసం కలిపిన పదార్థాలతో పాటు వచ్చింది. పలక చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ఆ పోగులు బయటికి రావు. రుద్దినా, కోసినా, పగిలినా వస్తాయి. అందుకే వంద రూపాయలు తక్కువని పేరూ ఊరూ లేని సరుకు కొనకండి. ఆస్‌బెస్టాస్ లేదని రాసి ఉన్న పెట్టె అడిగి తీసుకోండి.

అపోహ: ఇది క్రిములను చంపుతుంది.

పెట్టె మీద ఏం రాసినా, ఈ మన్ను మందు కాదు. త్వరగా ఆరితే క్రిములు పెరగడానికి తడి దొరకదు, అంతే. మెతుకో, చోడి అంబలి చారికో పలక మీద మిగిలి, పైగా తడిగా ఉంటే దీని మీద కూడా బూజు పడుతుంది. నల్ల చుక్కలు కనిపించాయంటే అదే. తడి గుడ్డతో పోలిస్తే మాత్రం ఇది నయమే. మారిషస్ విశ్వవిద్యాలయం వాళ్ళు నెలరోజులు వాడిన 100 కిచెన్ టవళ్ళను పరీక్షిస్తే 49 టవళ్ళలో బ్యాక్టీరియా పెరిగిందని 2018లో వెల్లడించారు. తడిగా ఉన్నవాటిలో, అన్ని పనులకూ ఒకే గుడ్డ వాడిన ఇళ్ళలో ఇంకా ఎక్కువ. చెయ్యి తుడిచి, గట్టు తుడిచి, అదే గుడ్డతో పళ్ళెం తుడిచే అలవాటు మన ఇళ్ళలోనూ ఉంది. గిన్నెలను గాలికి ఆరనివ్వడమే ఆరోగ్యం.

అపోహ: రాయే కదా, పొయ్యి మీంచి దించిన కుక్కర్ పెట్టొచ్చు.

పెట్టకండి. తడి పలకకు ఒక్కసారిగా వేడి తగిలితే బీట వారుతుంది. మండుటెండలో గంటలకొద్దీ ఆరేసినా వంకర పోవచ్చు. నీడపట్టున గాలి చాలు.

అపోహ: ఏ గిన్నె అయినా దీని మీద వదిలేయొచ్చు.

స్టీలు, గాజు, పింగాణీ వరకు సరే. ఇనుప పెనం, అట్లకాడ తడిగా వదిలేస్తే తుప్పు పట్టేది ఎలాగూ తప్పదు, పలక మీద తుప్పు మచ్చ అదనం. ఆ మచ్చ పోదు. ఇనుము కడగ్గానే గుడ్డతో తుడిచి, పొయ్యి మీద అర నిమిషం వేడిచేసి, చుక్క నూనె రాయాలి.

ఇత్తడి, కంచు గురించి ఇంకా గట్టిగా చెబుతాను. శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి వచ్చే ఇత్తడి, కంచు సామాను ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళలో తరతరాలుగా ఉంది, భౌగోళిక గుర్తింపు కూడా పొందిన పనితనం అది. చింతపండుతో తోమి మెరిపించిన చెంబును తడిగా పలక మీద బోర్లిస్తే కిందికి కారిన నీటినే పలక తాగుతుంది. చెంబు ఒంటి మీద ఉన్న చుక్కలు అక్కడే ఆరి మచ్చలు పడతాయి. ఇంత కష్టపడి తోమింది వృథా. వాటికి పొడి నూలు గుడ్డే సరి, తోమిన చేత్తోనే తుడిచేయాలి.

అపోహ: మడత పెట్టగలిగేది కూడా ఇదే, పగలదు కాబట్టి అదే మంచిది.

చుట్ట చుట్టి అమ్ముతున్నది వేరే సరుకు. కింద రబ్బరు, పైన పీల్చుకునే గుడ్డ పొర. రబ్బరు వైపు నుంచి తడి పోయే దారి లేదు కాబట్టి అది తరచుగా ఉతికి ఆరేయకపోతే వాసన వస్తుంది. పగలకపోవడం నిజమే, పిల్లలున్న ఇంట్లో అది సుఖం. గట్టి పలక ధర పెట్టి మాత్రం దాన్ని కొనకండి.

ఇక గట్టి పలక చేజారి పగిలితే, ముందు కాస్త నీళ్ళు చల్లి, ముక్కల్ని చేత్తో ఏరి, తడి గుడ్డతో ధూళి ఎత్తండి. పొడి చీపురుతో ఊడవకండి. ఆస్‌బెస్టాస్ లేదని ఖాయంగా తెలిసిన పలకైతే పెద్ద ముక్కలు చెప్పుల అరలో పెట్టుకోవచ్చు, వానాకాలం అక్కడి చెమ్మ కొంత లాగుతాయి. వారానికోసారి తీసి గాలికి ఆరబెట్టండి. ఎక్కడిదో తెలియని పలకైతే ముక్కలన్నీ తడిగానే పాలిథిన్ సంచిలో మూటగట్టి పారేయండి.