డెట్రాయిట్‌లో జాజ్ ఎవరు నేర్పారు?

అమెరికా జాజ్ అనగానే న్యూ ఆర్లీన్స్, న్యూయార్క్ పేర్లే వినిపిస్తాయి. కానీ 1950ల తర్వాత న్యూయార్క్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లు ఎక్కడ పెరిగారో చూస్తే డెట్రాయిట్ పేరు పదే పదే వస్తుంది. బాస్‌లో పాల్ చేంబర్స్, రాన్ కార్టర్, పియానోలో టామీ ఫ్లానగన్, గిటార్‌లో కెన్నీ బరెల్, ట్రంపెట్‌లో డొనాల్డ్ బర్డ్. ఒక తరం గడిచాక జెరీ అలెన్, కెన్నీ గారెట్, రెజీనా కార్టర్, జేమ్స్ కార్టర్. ఈలోగా ఆ ఊరు సగానికి పైగా ఖాళీ అయింది. 1950లో సుమారు 18.5 లక్షలున్న జనాభా 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. అయినా వాయించేవాళ్లు పుట్టుకొస్తూనే ఉన్నారు. ఇప్పుడు అక్కడ సాక్సఫోన్ పట్టుకున్న పదహారేళ్ల కుర్రాడికి ఏ దారి మిగిలిందో తెలియాలంటే వీళ్లంతా ఎలా తయారయ్యారో ముందు చూడాలి.

మొదలు కార్ల ఫ్యాక్టరీల దగ్గరే. 1914లో ఫోర్డ్ కంపెనీ రోజుకు 5 డాలర్ల కూలి ప్రకటించాక దక్షిణాది నుంచి నల్లజాతి కుటుంబాలు వేల సంఖ్యలో వచ్చాయి. వాళ్లకు ఇళ్లు దొరికింది ఊరి తూర్పున బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అనే పేటల్లోనే. హేస్టింగ్స్ స్ట్రీట్ పొడవునా వాళ్ల దుకాణాలు, క్లబ్బులు వెలిశాయి. ఊళ్లో పెద్ద డాన్స్ హాలు గ్రేస్టోన్ బాల్‌రూమ్. 1920ల చివర్లో అక్కడ మెకిన్నీస్ కాటన్ పికర్స్ అనే నల్లవాళ్ల బ్యాండే ప్రధాన ఆకర్షణ. అయినా నల్లవాళ్లు అదే హాల్లో డాన్స్ చేయడానికి సోమవారం రాత్రి ఒక్కటే వీలుండేది.

యూనియన్లు గట్టిపడి జీతాలు పెరిగాక కార్మికుల ఇళ్లలోకి పియానోలు వచ్చాయి. డెట్రాయిట్ జాజ్‌లో పియానో వాయించేవాళ్లు అంతమంది ఉండటానికి ఇదొక పెద్ద కారణం. రెండో కారణం ప్రభుత్వ బడులు. కాస్ టెక్ హైస్కూల్లో ఆర్కెస్ట్రా వాద్యాలన్నీ నేర్పేవారు. ఆఖరికి హార్ప్ అనే పెద్ద తీగల వాద్యం కూడా. ఆ హార్ప్ మీద బీబాప్ అనే వేగమైన జాజ్ శైలి వాయించి చూపించిన డోరతీ ఆష్బీ అక్కడ చదివిన అమ్మాయే. పేదల పేటలోని మిల్లర్ హైస్కూలు నుంచి మిల్ట్ జాక్సన్, యూసఫ్ లతీఫ్, కెన్నీ బరెల్ వచ్చారు. వీళ్లలో ఎవరూ వాద్యం పట్టుకునే సమయానికి డబ్బున్న ఇంటి పిల్లలు కారు. బడిలో వాద్యం ఉంది, నేర్పే మాస్టారు ఉన్నారు, సాధనకు గది ఉంది. ఈ మూడూ ఉచితం. డెట్రాయిట్ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

బడి అయ్యాక పిల్లలు వెళ్లింది బ్యారీ హ్యారిస్ ఇంటికి. 1929లో పుట్టిన ఈ పియానిస్టు ఇరవైల్లో ఉండగానే ఇంట్లో పాఠాలు చెప్పేవాడు. చార్లెస్ మెక్‌ఫర్సన్, లానీ హిల్యర్ లాంటి పక్క వీధుల కుర్రాళ్లు అక్కడే కాలం గడిపేవారు. మెక్‌ఫర్సన్ తర్వాత చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. ఒకరోజు ఆ కుర్రాడి ప్రోగ్రెస్ రిపోర్టులో అన్నీ సగటు మార్కులే చూసి హ్యారిస్ ఊరుకోలేదు. చదువులో సగటుగా ఉండి సంగీతంలో గొప్పవాడివి కాలేవన్నాడట. ఆ తర్వాత కుర్రాడు పుస్తకాలు చదవడం మొదలుపెట్టాడు.

హ్యారిస్ బోధనలో బాగా పేరుపడిన సూత్రం ఒకటి చూడండి. సి మేజర్ స్కేలులో ఏడు స్వరాలు. జి, ఎ ల మధ్య ఉండే ఎ-ఫ్లాట్‌ను కలిపితే ఎనిమిది. సి నుంచి మొదలుపెట్టి ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సి, ఇ, జి, ఎ వస్తాయి. అది సిక్స్త్ కార్డ్ (కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుంపు). మిగిలిన డి, ఎఫ్, ఎ-ఫ్లాట్, బి కలిస్తే డిమినిష్డ్ కార్డ్. అంటే స్కేలు మీద నడుస్తుంటే ఒక అడుగు నిలకడ, ఒక అడుగు కదలిక. ఏడు స్వరాలతో పరిగెడితే అసలు స్వరాలు తాళం తప్పి పడతాయి, ఎనిమిదితో దెబ్బ మీదే పడతాయి. పుస్తకంలో చదివితే తలనొప్పిగా ఉండే ఈ లెక్క, పియానో పక్కన నిలబడి వింటే పదినిమిషాల్లో చెవికి ఎక్కుతుంది. అందుకే ఇల్లు అంత పనిచేసింది.

మూడో మెట్టు క్లబ్బు. పడమటి వైపు టైర్‌మన్ వీధిలోని బ్లూ బర్డ్ ఇన్‌లో థాడ్ జోన్స్, ఎల్విన్ జోన్స్ అన్నదమ్ములు వాయించేవారు. 1950ల మొదట్లో డెట్రాయిట్‌లో కొన్నాళ్లున్న మైల్స్ డేవిస్ కూడా అక్కడ వాయించాడు. వయసు చాలని మెక్‌ఫర్సన్ క్లబ్బు బయట నిలబడి వినేవాడు.

ఇల్లు, బడి, క్లబ్బు. ఈ మూడింటిలో ముందు దెబ్బతిన్నది క్లబ్బు. పట్టణ పునర్నిర్మాణం పేరుతో బ్లాక్ బాటమ్‌ను కూల్చారు. హేస్టింగ్స్ స్ట్రీట్ మీదుగా క్రైస్లర్ ఫ్రీవే వేశారు. ఒక్క రోడ్డు కింద మొత్తం పేట వ్యాపారం పోయింది. 1967 అల్లర్లలో 43 మంది చనిపోయాక ఊరి నుంచి వలస ఇంకా పెరిగింది. మధ్యలో 1959లో మొదలైన మోటౌన్ రికార్డుల కంపెనీ జాజ్ వాళ్లకు అన్నం పెట్టింది. జేమ్స్ జేమర్సన్, ఎర్ల్ వాన్ డైక్ లాంటి ఫంక్ బ్రదర్స్ (ఆ కంపెనీ స్టూడియో బ్యాండ్) వాళ్లు పగలు స్టూడియోలో పాప్ పాటలకు వాయించి, రాత్రి క్లబ్బుల్లో జాజ్ వాయించేవారు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది. చాలామందికి జీతం ఆగిపోయింది.

అదే ఏడాది వెండెల్ హ్యారిసన్, ఫిల్ రానెలిన్ కలిసి ట్రైబ్ అనే సంగీతకారుల బృందం మొదలుపెట్టారు. రికార్డులు వాళ్లే వేసుకున్నారు, పత్రిక వాళ్లే నడిపారు. రే చార్లెస్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయించి డెట్రాయిట్‌లో స్థిరపడిన మార్కస్ బెల్‌గ్రేవ్ ఇంకో పని తలకెత్తుకున్నాడు. హైస్కూలు పిల్లలకు వర్క్‌షాప్ పెట్టి నేర్పడం, కాస్త చెయ్యి తిరిగాక తన కచేరీలకే తీసుకెళ్లి వేదిక ఎక్కించడం. జెరీ అలెన్, కెన్నీ గారెట్, బాబ్ హర్స్ట్, రెజీనా కార్టర్, రాడ్నీ విటేకర్ అందరూ ఆ చేతుల మీదుగా వచ్చినవాళ్లే. ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజుల్లో ఒక ఊరు ఇంతమందిని ఇవ్వడం వెనక ఆయన ఓపిక ఉంది. అలాంటి పనికి జీతమూ ఉండదు, అవార్డులూ ఆలస్యంగానే వస్తాయి.

1980లో మొదలైన డెట్రాయిట్ జాజ్ ఫెస్టివల్ ఇప్పటికీ సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే వారాంతంలో ఉచితంగా జరుగుతోంది. మంచిదే. కానీ నాలుగు రోజుల పండగ ఏడాదంతా సాగాల్సిన సాధనకు బదులు కాలేదు. 1999లో బడుల పాలన రాష్ట్రం చేతికి వెళ్లింది. 2009లో బడుల ఖర్చులు చూడటానికి రాష్ట్రం నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ వచ్చాడు. 2013లో నగరమే దివాలా తీసింది. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడల్లా బడుల్లో ముందు కోత పడింది సంగీతం లాంటి వాటికే. ఒక లెక్కల మాస్టారు పోతే గోల పుడుతుంది. బ్యాండ్ మాస్టారు పోతే ఆ నష్టం పదిహేనేళ్ల తర్వాత గానీ బయటపడదు.

క్లబ్బులు కొన్ని నిలిచాయి. 1930ల నాటి బేకర్స్ కీబోర్డ్ లాంజ్‌లో పియానో మెట్లలా రంగేసిన బార్ ఇంకా ఉంది. 1985లో మూసేసిన క్లిఫ్ బెల్స్ 2000లలో మళ్లీ తెరుచుకుంది. ఎవరైనా వచ్చి కలిసి వాయించే జామ్ సెషన్ జరిగే చోట పియానో, బాస్, డ్రమ్స్ వాయించేవాళ్లు ముందే సిద్ధంగా ఉంటారు. కొత్తవాళ్లు పేరిచ్చి తమ వంతు రాగానే పాట పేరు, స్కేలు చెప్పి అందుకోవాలి. ఆ పాట రాకపోతే అందరి ముందూ దిగిపోవాల్సిందే. ఆ టెన్షన్ ఏ తరగతి గదిలోనూ దొరకదు. కానీ డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో మద్యం తాగడానికి కనీస వయసు 21. బార్ మీద బతికే క్లబ్బులో టీనేజ్ పిల్లలకు చోటు దొరకడం ఎప్పుడూ కష్టమే.

బెల్‌గ్రేవ్ 2015లో, 1960లోనే న్యూయార్క్ వెళ్లిపోయిన హ్యారిస్ 2021లో పోయారు. బెల్‌గ్రేవ్ శిష్యుల్లో విటేకర్ మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో జాజ్ విభాగం నడుపుతున్నాడు. గొప్ప విభాగమే. అయితే అది ఈస్ట్ లాన్సింగ్‌లో ఉంది, డెట్రాయిట్‌కు దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడ చేరాలంటే ఆడిషన్ నెగ్గాలి, ఫీజు కట్టాలి. ఆడిషన్ నెగ్గేంత రావాలంటే పన్నెండేళ్లకే ఎవరో ఒకరు చేతిలో వాద్యం పెట్టి ఉండాలి. ఒకప్పుడు ఆ పని ప్రభుత్వ బడి చేసేది. ఇప్పుడు దాన్ని కొంతవరకు ఫెస్టివల్ వాళ్ల శిక్షణ కార్యక్రమాలు, డెట్రాయిట్ సింఫనీ వాళ్ల యువ బృందాలు మోస్తున్నాయి. వాటి దాకా వెళ్లగలిగిన పిల్లలకు అవి చాలు. మిగతావాళ్లకు మాత్రం తమ బడిలోనే బ్యాండ్ గది, అందులో రోజూ వచ్చే మాస్టారు కావాలి.