నెక్, బ్రిడ్జ్ పికప్‌ల జోడీ: అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో గిటార్ రిపేర్లు చేస్తుంటాను. నాకు వాట్సాప్‌లో పదే పదే వచ్చే ఫోటో ఒకటుంది. ఎలక్ట్రిక్ గిటార్ ప్లేట్ విప్పి ఉంటుంది, మల్టీమీటర్ ప్రోబ్‌లు రెండూ పికప్ వైర్లకు ఆనించి ఉంటాయి, స్క్రీన్ మీద 7.6 అనో 8.1 అనో ఒక అంకె. కింద ప్రశ్న: "అన్నా, నెక్‌ది ఇంత చూపిస్తున్నది. దీనికి మ్యాచింగ్ కావాల్నంటే బ్రిడ్జ్‌ల ఎన్ని కిలో ఓమ్‌లది వెయ్యాలె?" కాజీపేట చర్చిల్లో వాయించే పిల్లలు, కరీంనగర్, మంచిర్యాల వైపు పెళ్లి ఆర్కెస్ట్రాల వాళ్లు, ఎన్‌ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీ కల్చరల్ ఫెస్ట్ దగ్గరపడిందని హడావుడి పడే స్టూడెంట్లు, అందరిదీ ఇదే ప్రశ్న. విడివిడిగా ఎంత చెప్పినా మళ్లీ అదే ఫోటో వస్తోంది కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పికప్ అంటే గిటార్ తీగల ఊపును సిగ్నల్‌గా మార్చే మాగ్నెట్, కాయిల్ జంట. ఒక కాయిల్ ఉంటే సింగిల్ కాయిల్, రెండుంటే హంబకర్. గిటార్ మెడ వైపు ఉండేది నెక్ పికప్, తీగలు బాడీ మీద ఆనే చోటు పక్కన ఉండేది బ్రిడ్జ్ పికప్. ఇంతకు మించి మొదటి నుంచి చెప్పను. మిగతావి మీకు తెలిసే ఉంటాయి.

అపోహ: కిలో ఓమ్‌లు ఎక్కువుంటే సౌండ్ ఎక్కువ. రెండు పికప్‌ల అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే జోడీ కుదిరినట్టే.

జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ అపోహ దగ్గరే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

మీటర్ చూపించే అంకె, కాయిల్‌కు చుట్టిన రాగి తీగ రెసిస్టెన్స్ మాత్రమే. తీగ పొడవు పెరిగితే అది పెరుగుతుంది, తీగ సన్నబడినా పెరుగుతుంది. పికప్‌లలో మామూలుగా వాడే 42 గేజ్ తీగ మందం 0.063 మి.మీ., 43 గేజ్‌ది 0.056 మి.మీ. తేడా చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ అంతే పొడవు తీగ చుట్టినా 43 గేజ్‌లో రెసిస్టెన్స్ నాలుగో వంతు ఎక్కువ చూపిస్తుంది. 44 గేజ్ అయితే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సౌండ్ అంత పెరిగిందా అంటే లేదు. సౌండ్ ఎంత గట్టిగా వస్తుందన్నది కాయిల్‌కు ఎన్ని చుట్లు ఉన్నాయి, లోపలి మాగ్నెట్ ఎంత బలమైనది, కాయిల్ ఆకారం ఏమిటి, దాని పైన ఉన్న గిటార్ తీగ (స్ట్రింగ్) ఎంత ఊగుతోంది అనే వాటి మీద ఆధారపడుతుంది. వీటిలో ఒక్కదాన్ని కూడా మీటర్ నేరుగా చూపించదు.

ఫెండర్ కంపెనీ గిటార్ మోడల్ టెలీకాస్టర్‌నే (టెలీ) తీసుకోండి. సంప్రదాయంగా దాని బ్రిడ్జ్ పికప్‌ను 42 గేజ్ తీగతో, సన్నగా ఉండే నెక్ పికప్‌ను 43 గేజ్ తీగతో చుడతారు. అందుకే చాలా టెలీ సెట్లలో నెక్ పికప్పే ఎక్కువ కిలో ఓమ్‌లు చూపిస్తుంది. మీటర్‌ను నమ్మితే నెక్ అరవాలి, బ్రిడ్జ్ గొణగాలి. టెలీ బ్రిడ్జ్ పికప్ ఎలా కోస్తుందో ఒక్కసారి విన్నవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఇంకో ఉదాహరణ. సీమోర్ డంకన్ కంపెనీ జేబీ పికప్‌ను బ్రిడ్జ్‌లో, వాళ్లదే 59 మోడల్‌ను నెక్‌లో వేయడం దశాబ్దాలుగా నడుస్తున్న జోడీ. జేబీ 16 కిలో ఓమ్‌లు దాటి చూపిస్తుంది, 59 ఏడున్నర దగ్గర ఆగుతుంది. అంకె సగానికి సగం తేడా. అయినా ప్రపంచమంతా ఆ రెండింటినీ కలిపి వాడుతోంది. జేబీలో వాడింది సన్నని 44 గేజ్ తీగ కావడం వల్ల అంకె అంత పెద్దగా కనిపిస్తుంది. డిమార్జియో కంపెనీ సూపర్ డిస్టార్షన్ పికప్ 13.7 దగ్గరే ఉంటుంది. దానిలో బలమైన సిరామిక్ మాగ్నెట్ ఉంది కాబట్టి సౌండ్‌లో జేబీకి ఏమాత్రం తీసిపోదు.

పైగా ఆ అంకె ఒక్కచోట నిలవదు కూడా. రాగి ఒక డిగ్రీ వేడెక్కితే రెసిస్టెన్స్ దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర 8.0 చూపించిన పికప్పే మన వరంగల్ మే ఎండలకు ఇంట్లో 42 డిగ్రీలు ఉన్నప్పుడు 8.6 చూపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ "వాళ్లు చెప్పిన అంకె చూపిస్తలేదు, మోసం చేసిన్రు" అని గొడవపడే ముందు ఆ రోజు ఎండ ఎంత ఉందో చూసుకోండి.

మరి మీటర్ ఎందుకూ పనికిరాదా అంటే, పనికొస్తుంది. కాయిల్ తెగిందా లేదా అన్నది దానితోనే తెలుస్తుంది. ఏ అంకే చూపించకపోతే లోపల తీగ తెగినట్టు. హంబకర్‌లో ఒక కాయిల్ తెగినా పీలగా, సన్నగా ఎంతో కొంత సౌండ్ వస్తుంటుంది. అలాంటప్పుడు చెవి మోసపోతుంది, మీటర్ పట్టేస్తుంది. ఒకే మోడల్ సెట్‌లో, ఒకే తీగ, ఒకే మాగ్నెట్ ఉన్న రెండు పికప్‌లలో ఏది నెక్‌ది, ఏది బ్రిడ్జ్‌ది అని తేల్చుకోవడానికి కూడా పనికొస్తుంది. ఆ రెండు పనులకు మించి దాన్ని నమ్మకండి.

ఇప్పుడు అసలు సంగతి. నెక్ దగ్గర తీగ ఎక్కువ వెడల్పున ఊగుతుంది, బ్రిడ్జ్ దగ్గర చాలా తక్కువ. కొత్త తీగ వేసి మీటి, పక్క నుంచి చూడండి, కంటికే కనిపిస్తుంది. కాబట్టి అచ్చం ఒకేలాంటి రెండు పికప్‌లు వేసి, రెండింటినీ ఒకే ఎత్తులో పెడితే నెక్ గట్టిగా, లావుగా వినిపిస్తుంది, బ్రిడ్జ్ సన్నగా వినిపిస్తుంది. అందులో లోపమేమీ లేదు, అది తీగ స్వభావం. ఈ తేడాను పూడ్చడానికే ఈ రోజుల్లో సెట్లలో బ్రిడ్జ్ పికప్‌కు కొన్ని చుట్లు ఎక్కువ వేస్తున్నారు. 1950ల చివర్లో గిబ్సన్ లెస్ పాల్‌లలో వేసిన హంబకర్లకు అసలు నెక్, బ్రిడ్జ్ అనే తేడానే లేదు. చేతికి ఏది అందితే అది వేశారు. చుట్లు కూడా ఒక్కో పికప్‌కు ఒక్కోలా ఉండేవి. ఆ గిటార్ల సౌండ్ కోసమే ఇవాళ జనం లక్షలు పోస్తున్నారు.

మొన్నామధ్య పరకాల వైపు నుంచి ఒక అబ్బాయి వాళ్ల నాన్నతో వచ్చాడు. చర్చిలో లీడ్ వాయిస్తాడు. అతని మొదటి బాధ చిన్నదే: స్విచ్ నెక్ నుంచి బ్రిడ్జ్‌కు వేస్తే సౌండ్ పడిపోతోంది. ఎవరో "బ్రిడ్జ్‌ల పవర్ లేదు" అంటే 16 కిలో ఓమ్‌ల పికప్ ఆన్‌లైన్‌లో తెప్పించి వేయించాడు. ఇప్పుడు బ్రిడ్జ్ అరుస్తోంది, నెక్ వినిపించడం లేదు. మళ్లీ ఎవరో చెబితే "మ్యాచింగ్ కోసం" నెక్‌లో 14 కిలో ఓమ్‌లది వేయించాడు. దాంతో నెక్ సౌండ్ పూర్తిగా బురదైపోయింది. కార్డ్ కొడితే ఏ స్వరం ఏదో తెలియదు. ఖర్చంతా పత్తి అమ్మిన డబ్బుల్లోంచి. వాళ్ల నాన్న కుర్చీ అంచున కూర్చుని "ఇంక ఎంతైతది సార్?" అని అడిగాడు. కొత్తది ఏమీ కొనక్కర్లేదని చెప్పాక గానీ ఆయన వెనక్కి ఆనుకోలేదు. అదృష్టం కొద్దీ పాత పికప్‌లు రెండూ కవర్లో పెట్టి తెచ్చారు. వాటినే తిరిగి వేసి ఎత్తు సరిచేశాను. అబ్బాయి స్విచ్ అటూ ఇటూ వేసి వాయించి, "గిదే అన్నా నాక్కావాల్సింది" అన్నాడు. దీనికి కావాల్సింది ఒక స్క్రూడ్రైవర్, ఒక స్టీల్ స్కేల్. అంతే.

ఆ పని మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. తీగలు మీరు రోజూ వాడే ట్యూనింగ్‌లో ఉండాలి. ఆరో తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి పోల్ పీస్ (పికప్ మీద ఆ తీగ కింద కనిపించే చిన్న లోహపు ముక్క) తల వరకు కొలవండి. తర్వాత ఒకటో తీగ దగ్గర కూడా అలాగే. హంబకర్లయితే నెక్ దగ్గర 2.4 మి.మీ., బ్రిడ్జ్ దగ్గర 1.6 మి.మీ. నుంచి మొదలుపెట్టండి. ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లో డిస్టార్షన్, కంప్రెసర్ రెండూ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే వాల్యూమ్ తేడాలు అణిగిపోయి మీకు వినిపించవు. క్లీన్ సౌండ్‌లో, చేతి బలం మార్చకుండా ఒకే కార్డ్ కొడుతూ స్విచ్ మార్చండి. నెక్ ఎక్కువనిపిస్తే బ్రిడ్జ్‌ను పైకి లేపకండి, ముందు నెక్‌ను దించండి. అర చుట్టు తిప్పండి, వినండి, మళ్లీ అర చుట్టు. నెక్ కిందికి దిగే కొద్దీ వాల్యూమ్ తగ్గడమే కాదు, ఆ ముద్ద సౌండ్ కూడా విడివడి స్వరాలు తేటగా వినిపిస్తాయి. ఈ మార్పు వింటుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) వాళ్లకు ఒక హెచ్చరిక. వాటి సింగిల్ కాయిల్‌లో మాగ్నెట్లే పోల్ పీస్‌లు కాబట్టి, పికప్ మరీ దగ్గరగా ఉంటే తీగను లాగేస్తుంది. లావు తీగలు పై ఫ్రెట్లలో రెండు స్వరాలు కొట్టుకున్నట్టు వణుకుతాయి, ఎంత ట్యూన్ చేసినా కుదరవు. ఫ్రెట్లు అరిగాయనుకుని ఫ్రెట్ల పని చేయించుకోవడానికి వచ్చేవాళ్లున్నారు. ముందు పికప్ దించి చూడండి.

అపోహ: రెండూ ఒకే కంపెనీవి, ఒకే సెట్‌వి అయి తీరాలి.

అక్కర్లేదు. సెట్ కొంటే ఎంచుకునే తలనొప్పి తగ్గుతుంది, అంతవరకే. ఉన్న రెండింటిలో మీకు నచ్చినదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని దానికి తగ్గట్టు చూసుకోండి. నెక్‌లో ఆల్నికో (లోహ మిశ్రమం) మాగ్నెట్‌తో మామూలు బలం ఉన్న హంబకర్ ఉంటే, బ్రిడ్జ్‌లో దానికన్నా ఓ మెట్టు బలమైనది సరిపోతుంది. కంపెనీ పేరు వేరైనా నష్టం లేదు. ఒకటి మాత్రం చూసుకోండి: 24 ఫ్రెట్ల గిటార్‌లో నెక్ పికప్ బ్రిడ్జ్ వైపు కాస్త జరిగి ఉంటుంది. 22 ఫ్రెట్ల గిటార్‌లో విని ముచ్చటపడిన నెక్ సౌండ్ ఏ పికప్ వేసినా అందులో అచ్చంగా రాదు.

అపోహ: స్విచ్ మధ్య పొజిషన్‌లో (రెండు పికప్‌లూ కలిసి మోగేటప్పుడు) సౌండ్ పీలగా వస్తోందంటే పికప్ డూప్లికేట్.

చాలాసార్లు అది ఫేజ్ సమస్య, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఒకదానికొకటి ఎదురై కొట్టేసుకోవడం. విడివిడిగా రెండూ బాగుంటాయి, కలిపితే బేస్ మాయమై ముక్కుతో పాడినట్టు వస్తుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపినప్పుడు ఇది మామూలే, భయపడకండి. ముల్లు ఉండే పాత మీటర్‌ను అతి తక్కువ డీసీ వోల్ట్‌లో పెట్టి, ఇనుప స్క్రూడ్రైవర్‌ను పోల్ పీస్‌లకు ఆనించి చటుక్కున లాగండి. ముల్లు రెండు పికప్‌లకూ ఒకే వైపు కదలాలి. ఎదురెదురుగా కదిలితే ఒకదాని వైర్లు తారుమారు చేయాలి. అయితే పైన అల్లిక షీల్డ్, లోపల ఒకే వైర్ ఉన్న పాత రకం హంబకర్‌లో ఇలా మార్చకూడదు. మారిస్తే షీల్డ్, మెటల్ కవర్ సిగ్నల్ వైపుకు వెళ్లిపోయి గుయ్యిమంటుంది. దానికి లోపలి మాగ్నెట్‌నే తిప్పి పెట్టాలి, అది చేయి తిరిగినవాళ్ల పని.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సిరామిక్ అంటే నాసిరకం అన్నది వట్టి మాట, పైన చెప్పిన సూపర్ డిస్టార్షన్‌లో ఉన్నది అదే. పాట్ అంటే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే కంట్రోల్; సింగిల్ కాయిల్‌కు 250 కె (కిలో ఓమ్‌ల) పాట్, హంబకర్‌కు 500 కె పాట్ వాడుక. పికప్ మార్చి పాట్ మార్చకుండా "కొత్తది డల్‌గా ఉంది" అనకండి. తీగలు నెక్ దగ్గర కన్నా బ్రిడ్జ్ దగ్గర దూరం దూరంగా ఉంటాయి. అందుకే బ్రిడ్జ్ హంబకర్లు కొన్ని వెడల్పు రకంలో వస్తాయి, కొనే ముందు రెండు చివరి తీగల మధ్య దూరం కొలుచుకోండి. ఒకటి యాక్టివ్ (బ్యాటరీతో నడిచేది), ఒకటి పాసివ్ (బ్యాటరీ లేని మామూలుది) కలపకండి. యాక్టివ్‌కు 25 కె పాట్లు కావాలి, పైగా మధ్య పొజిషన్‌లో అది పాసివ్‌ను దాదాపు మింగేస్తుంది.

హమ్ (గుయ్యిమనే శబ్దం) గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ తగ్గితే మీ వైరింగ్ బాగానే ఉందని అర్థం. చెయ్యి పెడితే పెరిగితే ఎక్కడో సిగ్నల్, గ్రౌండ్ వైర్లు తారుమారయ్యాయి. కానీ తీగలు పట్టుకుని మైక్ దగ్గరికి వెళ్తే పెదవికి షాక్ కొడుతోందంటే అది పికప్ సంగతి కానే కాదు, ఆ హాల్లో ఎర్తింగ్ సరిగా లేదు. వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. పాట మధ్యలో ఉన్నా సరే, ఆపండి.

ఇక మీరే మార్చుకోవాలనుకుంటే, పాత టంకం కరిగించే ముందు వైర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసుకోండి. నాలుగు వైర్ల పికప్‌లలో రంగులు కంపెనీని బట్టి మారతాయి. డంకన్‌లో నలుపు సిగ్నల్ వైర్; ఎరుపు, తెలుపు రెండింటినే కలిపి టంకం వేయాలి. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్ వైర్, కలపాల్సినవి నలుపు, తెలుపు. రెండింటిలోనూ ఆకుపచ్చ వైరూ, తొడుగు లేని వైరూ గ్రౌండ్‌కు. మరో కంపెనీది అయితే ఆ పెట్టెలో వచ్చిన కాగితం చూడండి. కాగితం లేకపోతే వైర్లు కత్తిరించకుండా నా దగ్గరికి తీసుకురండి, పాత పికప్ కూడా తప్పకుండా తెండి.