ఎం.ఆర్.ఐ.కి కనిపించేది నీరే: మెదడు బొమ్మల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒక తండ్రి ఇంటర్ చదివే కొడుకును వెంటబెట్టుకుని మా స్కానింగ్ సెంటర్‌కు వచ్చారు. కుర్రవాడికి తలనొప్పి లేదు, ఫిట్స్ లేవు, చేతిలో డాక్టరు చీటీ కూడా లేదు. "లెక్కల్లో వెనకబడుతున్నాడండి. బుర్రలో ఆ భాగం ఎలా ఉందో ఒకసారి ఫోటో తీసి చెప్పండి" అన్నారు ఆయన. పిల్లవాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

నేను అమలాపురంలో పద్నాలుగేళ్లుగా ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టును. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, తలకు కాయిల్ బిగించి, "కదలకండి" అని రోజుకు ఇరవైసార్లు చెప్పేది నేను. మెదడు పరిశోధనల గురించి పేపర్లో ఏదైనా వార్త వచ్చిందంటే మరునాడు దాని ప్రశ్నలన్నీ మా గుమ్మం దగ్గరికే వస్తాయి. వాటిలో తరచుగా వినిపించేవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎం.ఆర్.ఐ. అంటే మెదడుకు తీసిన ఫోటో.

ఫోటో కాదు, లెక్క. మెదడు బరువులో ముప్పాతిక వంతుకు పైగా నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంతంలో ఒక దిశకు సర్దుకుంటాయి. రేడియో తరంగంతో వాటిని కొంచెం పక్కకు వాల్చి వదిలేస్తే, మళ్లీ సర్దుకునే క్రమంలో సన్నని సంకేతం ఇస్తాయి. కొవ్వు దగ్గర ఒక వేగంతో, కండరంలో ఒక వేగంతో, ఊరికే నిలిచి ఉన్న ద్రవంలో మరో వేగంతో సర్దుకుంటాయి. ఆ తేడాలను కంప్యూటర్ లెక్కగట్టి నలుపు తెలుపుల్లో పరుస్తుంది. అందుకే ఒకే మెదడుకు ఒకే రోజు తీసిన రెండు ఫిల్ముల్లో మెదడు చుట్టూ ఉన్న నీరు ఒకదానిలో నల్లగా, ఇంకోదానిలో తెల్లగా కనిపిస్తుంది. రెండూ నిజమే. మనం వేసిన ప్రశ్న మారింది, అంతే.

1973లో అమెరికా శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్ ప్రచురించిన మొట్టమొదటి బొమ్మ కూడా రెండు సన్నని గొట్టాల్లో పోసిన నీళ్లదే. దానికి 2003లో పీటర్ మాన్స్‌ఫీల్డ్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. యంత్రాలు ఎంత మారినా, యాభై ఏళ్లుగా మేము తీస్తున్నది నీటి బొమ్మలే.

మేము వాడేది 1.5 టెస్లా యంత్రం, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. ఫ్రాన్సులోని సాక్లేలో 11.7 టెస్లా యంత్రం ఉంది. దాని అయస్కాంతం ఒక్కటే 132 టన్నులు. అది మనుషులకు తీసిన మొదటి మెదడు బొమ్మలు 2024 ఏప్రిల్‌లో బయటికి వచ్చాయి. 0.2 మిల్లీమీటర్ల వివరం, ఒక్కో పొర మందం ఒక మిల్లీమీటరు, పట్టిన సమయం నాలుగు నిమిషాలు. ఆ బొమ్మలు చూసిన రోజు నా యంత్రం మీద నాకే చిన్నచూపు కలిగింది. అయినా ఒక్క నాడీకణం కూడా అందులో విడిగా కనిపించదు. అదే ఏడాది మరో బృందం, శస్త్రచికిత్సలో తీసిన ఒక్క ఘన మిల్లీమీటరు మెదడు ముక్కను పొరలు పొరలుగా కోసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చిత్రించింది. అందులో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల కణసంధులు (ఒక కణం ఇంకో కణానికి కబురందించే చోట్లు) లెక్కకు వచ్చాయి. మా ఫిల్ములో అదంతా ఒక బూడిద రంగు చుక్క.

అపోహ: ఎం.ఆర్.ఐ.లో రేడియేషన్ ఉంటుంది.

ఎక్స్-రే కిరణాలు వాడేది సి.టి. స్కాన్. ఎం.ఆర్.ఐ.లో అవి లేవు. భయపడవలసింది ఇనుము గురించి. అయస్కాంతం రాత్రీ పగలూ పని చేస్తూనే ఉంటుంది, స్విచ్ వేస్తేనే మొదలయ్యేది కాదు. ఒకసారి లంకల వైపు నుంచి ఒక మామ్మగారు వచ్చారు. పుస్తెలతాడుకు పిన్నీసుల గుత్తి వేలాడుతోంది. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసులు ఉక్కువి కాబట్టి తీసేయమన్నాను. తీశారు, ఒక్కటి మాత్రం చీర కుచ్చిళ్లలో ఉంచుకున్నారు. గుమ్మం దాటి రెండడుగులు వేయగానే ఆ కుచ్చిళ్లు ముందుకు లేచి నిలబడ్డాయి. "ఎవరు బాబూ లాగుతున్నది?" అని ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. అప్పటి నుంచి అందరినీ రెండుసార్లు అడుగుతున్నాను. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, తలలో క్లిప్పులు ఉన్నా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడినా ముందే చెప్పాలి. వెల్డింగ్ పని చేసేవారు ఈ చివరి మాట మరిచిపోతుంటారు.

అపోహ: మెదడులోని తీగలన్నిటినీ ఎం.ఆర్.ఐ. చూసేసింది.

రంగురంగుల దారాల ఉండలా ఉండే మెదడు బొమ్మలు మీరు చూసే ఉంటారు. అవి ఎలా వస్తాయో మన ప్రాంతం వారికి చెప్పడం సులువు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు అల్లుకున్నాయి. కాలువలో నీరు గట్ల వెంట పారుతుంది కానీ గట్టును తోసుకుని పక్క చేలోకి పోదు. మెదడులోని తెల్ల పదార్థంలో నాడీతంతువుల కట్టలు ఉంటాయి. అక్కడి నీటి అణువులు కూడా తంతువు పొడుగునా సులువుగా కదులుతాయి, అడ్డంగా అంత సులువుగా కదలలేవు. మెదడును సుమారు రెండు మిల్లీమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో నీరు ఎటువైపు ఎక్కువ కదులుతోందో కొలుస్తారు. గడి నుంచి గడికి గీత కలుపుకుంటూ పోతే దారం వస్తుంది. ఎరుపు అంటే కుడి ఎడమలు, ఆకుపచ్చ అంటే ముందు వెనకలు, నీలం అంటే పైకి కిందికి. ఆ రంగులు మనం పెట్టుకున్నవే.

చిక్కు ఎక్కడంటే, పి.గన్నవరం అక్విడక్టు దగ్గర. అక్కడ కాలువ నీరు వైనతేయ అనే గోదావరి పాయ మీదుగా దాటి నగరం లంకకు వెళుతుంది. పైన కాలువ, కింద నది, ఒకదాని నీరు ఇంకోదానిలో కలవదు. విమానంలోంచి చూసి, గడికి ఒక బాణం గుర్తు చొప్పున వేసుకునే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కాలువ నదిలో కలిసిపోయిందని గీసేస్తాడు, లేదా నదే కాలువలోకి మళ్లిందంటాడు. మెదడు తెల్ల పదార్థంలో సగానికి పైగా గళ్లలో ఇలాంటి అక్విడక్టులే, తంతువులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. అందులోనూ ఈ పద్ధతికి నీరు ఏ గీత వెంట కదులుతోందో తెలుస్తుంది కానీ, సంకేతం ఏ కొస నుంచి ఏ కొసకు వెళుతోందో తెలియదు. కాలువ కనిపిస్తుంది, ఎగువ ఏదో దిగువ ఏదో కనిపించదు.

2017లో దీన్ని పరీక్షకు పెట్టారు. సరైన జవాబు ముందే తెలిసిన ఒక కృత్రిమ మెదడు సమాచారాన్ని 20 పరిశోధక బృందాలకు ఇచ్చి గీతలు గీయమన్నారు. 96 జవాబులు వచ్చాయి. నిజంగా ఉన్న కట్టలను చాలావరకు పట్టుకున్నారు, కానీ వాటికంటే ఎక్కువ సంఖ్యలో లేని కట్టలను కూడా గీశారు. ఈ పద్ధతి పనికిరాదని దీని అర్థం కాదు. కణితి తీసే ముందు మాటకు, చేతికి సంబంధించిన ప్రధాన కట్టలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి సర్జన్లు దీన్ని వాడుతున్నారు. పెద్ద కాలువలను నమ్మవచ్చు, పిల్ల కాలువల దగ్గర జాగ్రత్త పడాలి.

అపోహ: భారతీయుల మెదడు చిన్నదని హైదరాబాద్ వాళ్లే తేల్చారు.

ఈ మాట నాకు చాలా కోపం తెప్పిస్తుంది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థతో కలిసి 100 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల ఎం.ఆర్.ఐ.లతో ఒక భారతీయ మెదడు అట్లాస్, అంటే పోలికకు వాడే సగటు మెదడు నమూనా, తయారు చేసింది. ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణంలో పాశ్చాత్యుల సగటు కంటే మన సగటు తక్కువగా వచ్చింది. వార్తల్లో అదే శీర్షికయింది, అసలు విషయం మరుగున పడింది. ఎవరి మెదడు కుంచించుకుపోయిందో కంప్యూటర్ చెప్పాలంటే ఏదో ఒక నమూనాతో పోల్చాలి. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది కెనడాలోని మాంట్రియల్‌లో తయారైన నమూనా. ఆ చొక్కా కొలతతో మన మనిషిని కొలిస్తే, ఏ జబ్బూ లేకపోయినా మెదడు తగ్గినట్టు కనిపించే ప్రమాదం ఉంది. మన కొలత మనకు ఉండాలన్నదే ఆ పని ఉద్దేశం. తెలివికీ పరిమాణానికీ ఉన్న సంబంధం చాలా బలహీనం, తల చూసి మార్కులు చెప్పలేం.

తగ్గడమంటే చెడిపోవడమనీ అనుకోకండి. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకే స్త్రీకి గర్భం దాల్చక ముందు నుంచి కాన్పు అయిన రెండేళ్ల వరకు 26 సార్లు స్కాన్ చేశారు. గర్భంతో ఉన్న నెలల్లో బూడిద పదార్థం (నాడీకణాలు గుంపుగా ఉండే భాగం) అంచెలంచెలుగా తగ్గింది. దాన్ని నష్టమని పరిశోధకులు అనలేదు, తల్లి కావడానికి మెదడు సర్దుకునే తీరు కావచ్చన్నారు.

ఇంకో మాట. ఎండాకాలంలో బస్సు దిగి, గొంతెండి వచ్చి పడుకున్న మనిషికి మెదడు కొలత కొద్దిగా తగ్గి రావచ్చు. ఒంట్లో నీరు తగ్గితే నీటి బొమ్మ మారదా మరి! తల కదిలినా బూడిద పదార్థం పలచగా ఉన్నట్టు వస్తుంది. పదే పదే "కదలకండి" అంటుంటే విసుక్కునేవారి కోసం ఈ మాట.

అపోహ: కొందరిది కుడి మెదడు, కొందరిది ఎడమ మెదడు.

అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో వెయ్యి మందికి పైగా మెదళ్ల స్కాన్లు చూశారు, 2013లో. భాష ఎక్కువమందిలో ఎడమవైపు మొగ్గుతుంది, అది నిజం. కానీ మొత్తంగా ఒక పక్కనే ఎక్కువ వాడే మనుషులు కనిపించలేదు. మెదడులో పది శాతమే వాడతామన్నది కూడా ఇలాంటి మాటే. కళ్లకు గంతలు కట్టి పిల్లలచేత పుస్తకం చదివిస్తామంటూ 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో ఊరూరా వేలకు వేలు వసూలు చేసినవారు గుర్తున్నారా? మధ్య మెదడు రెండు సెంటీమీటర్ల పొడవుండే చిన్న భాగం. కళ్ల కదలికలను నడిపేది అదే. దాన్ని ప్రత్యేకంగా మేల్కొలపనక్కరలేదు, అది నిద్రపోతే ఆ పిల్లవాడు ఆసుపత్రిలో ఉంటాడు. ఆ పిల్లలు చదివింది ముక్కు పక్క సందులోంచి.

అపోహ: పెద్దయ్యాక మెదడు మారదు.

మారుతుంది. లండన్‌లో టాక్సీ లైసెన్సు రావాలంటే వేల వీధులు కంఠతా రావాలి. ఆ డ్రైవర్లలో దారులను గుర్తుంచుకునే హిప్పోక్యాంపస్ వెనక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపింది. పుట్టుకతో అలా ఉన్నవారే ఆ పనిలోకి వచ్చారేమో అన్న సందేహం మిగిలింది. శిక్షణ మొదలుకాకముందు, పూర్తయ్యాక కొలిచి చూసి, ఉత్తీర్ణులైనవారిలోనే ఆ పెరుగుదల ఉందని 2011లో తేల్చారు. 2004లో జర్మనీలో మూడు నెలలు బంతులు ఎగరేయడం నేర్చుకున్నవారిలో చూపుకు సంబంధించిన భాగం పెరిగింది. సాధన మానేశాక ఆ పెరుగుదల తగ్గుముఖం పట్టింది. మెదడు పెంచే యాప్‌లు అమ్మేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు. పెరిగింది అంటే కొత్త కణాలు పుట్టాయనీ కాదు, నాడీతంతువుల మీది తొడుగు మారినా, రక్తనాళాలు మారినా, నీరు మారినా మా బొమ్మలో పెరుగుదలలాగే ఉంటుంది.

అపోహ: స్కాన్ చూస్తే తెలివి, స్వభావం చెప్పేయవచ్చు.

ఆ తండ్రి అడిగింది ఇదే. 2022లో సుమారు 50,000 మంది స్కాన్లను కలిపి ఒక పెద్ద పరిశీలన జరిగింది. మెదడు నిర్మాణానికీ తెలివితేటలకూ, మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధాలు ఎంత సన్నగా ఉన్నాయంటే, వేల మందిని కొలిస్తే తప్ప నిలబడవని తేలింది. అప్పటిదాకా ఇలాంటి అధ్యయనాల్లో ఉండేది పాతిక మంది. ఒక్కో పేపరు వార్త వెనక పాతిక మంది, ఆలోచించండి.

అదే ఏడాది 1,20,000కు పైగా స్కాన్లతో, గర్భస్థ శిశువు నుంచి నూరేళ్ల వరకు మెదడు ఎదుగుదల పటాలు వచ్చాయి. అంగన్‌వాడీలో పిల్లల బరువు గుర్తుపెట్టే కార్డు ఉంటుంది కదా, అలాంటివే. బూడిద పదార్థం ఆరేళ్ల వయసు దగ్గర, తెల్ల పదార్థం 29 ఏళ్ల దగ్గర గరిష్ఠానికి చేరతాయట. అయితే అందులో ఎక్కువ మంది యూరప్, ఉత్తర అమెరికా వారు. ఒక మనిషికి జబ్బు నిర్ధారించడానికి ఇంకా వాడవద్దని తయారు చేసినవారే చెప్పారు.

మెదడులో ఏ భాగం చురుగ్గా పని చేస్తోందో చూపుతూ రంగులతో 'వెలిగే' మెదడు బొమ్మల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. 2009లో అమెరికాలో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించారు. వేల చుక్కలను ఒకేసారి పరీక్షించేటప్పుడు లెక్కలో చేయాల్సిన సవరణ చేయకపోతే దాని మెదడూ వెలిగింది! లెక్క ఎంత జాగ్రత్తగా కట్టాలో చెప్పడానికి చేసిన పని అది. 2012లో దానికి ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) వచ్చింది. మన వైపు అయితే పులసతో చేసి ఉండాల్సింది, కానీ పులసను కొన్నాక స్కానర్‌లో పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది?

కుర్రవాడికి స్కాన్ చేయలేదు. డబ్బు మిగిలింది కదా అంటే తండ్రిగారు పెద్దగా సంతోషించినట్టు లేరు.

అపోహ: రిపోర్టులో తెల్ల మచ్చలు అని ఉంటే పక్షవాతం వచ్చినట్టే.

అరవై దాటినవారిలో చాలామందికి కొన్ని చిన్న మచ్చలు ఉంటాయి. వయసుతో, ముఖ్యంగా అదుపులో లేని రక్తపోటుతో సన్నని రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వస్తాయి. ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, పెరుగుతున్నాయా అన్నది డాక్టరు చూడాలి. ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చుట్టాలందరూ చూస్తే తేలదు. పెరుగుతున్నాయో లేదో తెలియాలంటే పాత స్కాన్ కావాలి, మళ్లీ వచ్చేటప్పుడు అది వెంట తెచ్చుకోండి. కోనసీమ గాలిలో తేమకు ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యలో కాగితాలు పెట్టి, మంచం కింద కాకుండా బీరువాలో నిలువుగా ఉంచండి. సీడీ ఇస్తే అదీ వాటితోనే పెట్టండి.